ఆ బొమ్మలో ఉన్నది నేనే అని చెప్పండి

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది రామంతాపూర్. ఇంటి ముందు గదిలో ఇరవై రెండేళ్లుగా టైలరింగ్ షాపు నడుపుతున్నాను. బ్లౌజులు, ఫాల్, పీకో, పిల్లల లంగాలు. ఇద్దరు అమ్మాయిలు నా దగ్గర పని చేస్తారు. బొమ్మలు వేసే ఒక అమ్మాయి నాకు పాత గిరాకీ. పోయిన వానాకాలం వచ్చి, "ఆంటీ, మీరు కుడుతుంటే ఓ మూల కూర్చుని స్కెచ్ వేసుకుంటా" అంది. సరే అన్నాను. చిన్న స్టూలు వేసుకుని నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంది. చాయ్ ఇస్తే తాగింది, గీసుకుంది, వెళ్లింది. నేను మర్చిపోయాను కూడా.

ఇప్పుడు పద్మారావునగర్‌లో వాళ్ల స్నేహితులెవరో పాత ఇంటి కింది పోర్షన్‌లో చిన్న ఆర్ట్ గ్యాలరీ పెడుతున్నారట. వచ్చే శనివారం సాయంత్రం ఓపెనింగ్. వాట్సాప్‌లో కార్డు పంపింది. చూస్తే కార్డు మీద నేనే ఉన్నాను, మిషన్ మీద వంగి. మొహం సగమే కనిపిస్తుంది గానీ మా ఆడపడుచు వెంటనే గుర్తుపట్టి ఫోన్ చేసింది. "ఆంటీ, మీరు రాకపోతే ఊరుకోను" అంటోంది ఆ అమ్మాయి.

నాకు ఒకటే టెన్షన్. గ్యాలరీ గడప నేనెప్పుడూ తొక్కలేదు. చదివింది పదో తరగతి. అక్కడంతా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే ఉంటారు. ఏం కట్టుకోవాలి? ఏం మాట్లాడాలి? బొమ్మలో నా చేతులు మరీ పెద్దగా ఉన్నాయి. ఆ రోజు నేను ఆకుపచ్చ చీరలో ఉన్నాను, మా షాపు గోడలది కూడా ఆకుపచ్చ రంగే. తను గోడ అలాగే ఉంచి చీర నారింజ చేసింది. అన్నిటికంటే, నా జాకెట్టు చేయి తప్పుగా ఎక్కించినట్టు వేసింది. భుజం దగ్గర ముడతలు పడ్డాయి. నేను అలా కుడతానా అక్కా?

బొమ్మ ధర 65 వేలట. నేను లైనింగ్ బ్లౌజుకు 450 తీసుకుంటాను. "నీ బొమ్మ అమ్ముకుంటుంటే నువ్వు చీర కట్టుకుని చూడ్డానికి పోతావా" అన్నారు మా ఆయన. అప్పటినుంచి మనసు మనసులో లేదు. వెళ్లనా, వద్దా? డబ్బు సంగతి అడిగితే తప్పా?

పేరు వద్దు, రామంతాపూర్

జవాబు:

చెల్లెమ్మా, వెళ్లండి. ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తే మిగతావి నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

చీర గురించి, ఇంగ్లిష్ గురించి ముందు అడిగి, మీ ఆయన అన్న మాటను చివర్లో రాశారు. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ మాటే. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మీ ఆయన మాటలో కోపం ఉంది, కొంత న్యాయమూ ఉంది. కొట్టిపారేయకండి. ఆ అమ్మాయి "దీన్ని పెద్ద బొమ్మ చేస్తున్నాను ఆంటీ, ప్రదర్శనలో పెడతాను, అమ్మకానికి కూడా పెడతాను" అని ముందే చెప్పాల్సింది. కార్డు మీద వేసే ముందైతే అడిగి తీరాల్సింది. మీ ఆడపడుచు ఫోన్ చేస్తే గానీ మీ బొమ్మ ఊరంతా తిరుగుతోందని మీకు తెలియకపోవడం బాగాలేదు. అడిగితే మీరు కాదనేవారు కాదు. ఆ సంగతి ఆ అమ్మాయికీ తెలుసు, బహుశా అందుకే అడగలేదు. ఇందులో మోసం ఉందని నాకు అనిపించడం లేదు. చనువు ఎక్కువై అడగడం మర్చిపోయింది, అంతే.

ఇక 65 వేలలో మీకు వాటా ఉందా అంటే, చట్టం ప్రకారం లేదు. మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. మీరే డబ్బిచ్చి "నా బొమ్మ వెయ్యమ్మా" అని వేయించుకుని ఉంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు కాపీరైట్ మీదయ్యేది. ఇక్కడ తనంతట తానే వేసుకుంది కాబట్టి అది ఆ అమ్మాయిదే. రేపు ఎవరైనా ఆ బొమ్మ కొన్నా వాళ్లకు దక్కేది గోడకు తగిలించుకునే ఆ ఒక్క కాన్వాసే. దాన్ని క్యాలెండర్ మీద అచ్చు వేసుకుని అమ్మే హక్కు, విడిగా రాయించుకుంటే తప్ప, కొన్నవాళ్లకు కూడా రాదు. ఆర్ట్ కాలేజీల్లో మోడల్‌గా కూర్చునేవాళ్లకు డబ్బిస్తారు. అది కదలకుండా గంటల తరబడి కూర్చున్నందుకు ఇచ్చే కూలి. బొమ్మ తర్వాత ఎంతకు పోయినా వాళ్లకు దాంతో సంబంధం ఉండదు. మీరైతే ఆమె కోసం కూర్చోను కూడా లేదు. మీ పని మీరు చేసుకుంటూ పోయారు, నాలుగు చాయ్‌లు మాత్రం ఎక్కువ ఖర్చయ్యాయి.

ఆ 65 వేలూ ఆ అమ్మాయి చేతికి రావని కూడా మీ ఆయనకు చెప్పండి. గ్యాలరీవాళ్లు అమ్మిపెట్టినందుకు కమిషన్ పట్టుకుంటారు. సాధారణంగా అది మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. మూడో వంతు పోతే మిగిలేది 43 వేల చిల్లర, సగం పోతే 32,500. అందులోంచి కాన్వాసు, రంగులు, ఫ్రేము, ట్రాలీ ఆటో ఖర్చు తీయాలి. పైగా అది అమ్ముడుపోతేనే. పోకపోతే మళ్లీ అదే ఆటోలో ఇంటికి తెచ్చి గోడకు చేరేసుకోవాలి. మీరు 450 అనగానే "ఇంత చిన్న గుడ్డకా ఆంటీ" అనే గిరాకీ ఉంటుంది కదా. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారం, కరెంటు, హెమ్మింగ్ చేసే అమ్మాయికి ఇచ్చేది ఆమెకు కనిపించవు. ఇరవై రెండేళ్ల చెయ్యి అసలే కనిపించదు. 65 వేలని విని మీ ఇంట్లో అనుకున్నదీ ఆ గిరాకీ అనేలాంటి మాటే.

అడగడం తప్పు కాదు. ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నదే చూసుకోవాలి. ఓపెనింగ్ రాత్రి మాత్రం వద్దు. ఆ రోజు ఆ అమ్మాయి పెళ్లిపందిట్లో పెళ్లికూతురి తల్లిలా ఉంటుంది, ఎవరు ఏమన్నా తలూపుతుంది, తర్వాత ఏదీ గుర్తుండదు. శనివారానికి ముందే ఫోన్ చేయండి. "బొమ్మ బాగుందమ్మా, కానీ కార్డు మీద వేసే ముందు నన్నొక మాట అడగాల్సింది, మా ఇంట్లో బాధపడ్డారు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ తర్వాత మీ పేరు సంగతి తేల్చుకోండి. బొమ్మ పక్కన అంటించే చిన్న కాగితం మీద చిత్రకారిణి పేరు, బొమ్మ పేరు, వేసిన సంవత్సరం, ఏ రంగులతో వేసింది, కొలతలు ఉంటాయి. ఆ బొమ్మ పేరులో మీ పేరు ఉండాలా, వద్దా? ఇది మీరు చెప్పాల్సిన సంగతి. ఉండాలనిపిస్తే చెప్పండి, మార్చడానికి రెండు రోజులు చాలు. వద్దనిపిస్తే అదీ చెప్పండి. ఇక ముందు ఆ బొమ్మను ఇంకెక్కడైనా వాడాలంటే మీకు చెప్పే వాడాలని మాట తీసుకోండి.

నేనైతే డబ్బు అడగను, ప్రింటు అడుగుతాను. మంచి కాగితం మీద, నిజమైన రంగులతో తీసిన ప్రింటు, ఫ్రేము కట్టించి, కింద తన సంతకంతో. దాన్ని షాపులో కటింగ్ టేబుల్ వెనక గోడకు తగిలించండి. బొమ్మ ఎవరింటికో పోయినా మీ గోడ మీద మీరుంటారు. మీకు డబ్బే అడగాలనిపిస్తే, వాటా అని కాకుండా, "నా షాపులో కూర్చుని వేసుకున్నావు కదా, అమ్ముడుపోతే నాకేమైనా ఇవ్వాలనిపిస్తే ఇవ్వు" అని ఒకసారి అని వదిలేయండి. రెండోసారి మాత్రం ఎత్తకండి, పాత గిరాకీ పోతుంది.

చీర విషయానికి వస్తే, ఆ రోజు కట్టుకున్న ఆకుపచ్చ చీరే కట్టుకోండి. పట్టుచీర వద్దు, నగలు వద్దు. పైన నారింజ చీరలో మీరు, కింద ఆకుపచ్చ చీరలో మీరు. చూసినవాళ్లు రెండుసార్లు తల తిప్పి చూస్తారు. జాకెట్టు మాత్రం మీరు కుట్టుకున్నవాటిలో చేయి అన్నిటికంటే చక్కగా కూర్చున్నది వేసుకోండి. ఆ ముడతల భుజానికి అంతకంటే మంచి జవాబు లేదు.

ఇక ఓపెనింగ్‌లో ఏం జరుగుతుందో చెప్తాను, అప్పుడు సగం టెన్షన్ పోతుంది. కార్డు మీద 5.30 అని ఉంటే దీపం వెలిగించేసరికి 6.30 అవుతుంది. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో ఉంటారు. హైదరాబాద్‌లో ముఖ్య అతిథులందరూ ఎప్పుడూ ట్రాఫిక్‌లోనే ఉంటారు. వచ్చాక రిబ్బను, దీపం, శాలువాలు, "రెండే రెండు మాటలు" అని మొదలయ్యే ప్రసంగాలు. తర్వాత చాయ్, సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు. ఇల్లు చిన్నది కాబట్టి సగం మంది వాకిట్లోనే నిలబడతారు. లోపల ఉన్నవాళ్లు బొమ్మలకు వీపులు పెట్టి గుంపులుగా మాట్లాడుకుంటారు. ఎగతాళికి అనడం లేదు, నేనూ అదే చేస్తాను. ఆ సాయంత్రం పెళ్లి రిసెప్షన్ లాంటిది. రిసెప్షన్‌కు వెళ్లి పెళ్లికూతురి చీర నేత చూడగలమా? స్టేజీ ఎక్కుతాం, అక్షింతలు వేస్తాం, ఫోటో దిగి కిందికి వస్తాం. చీర సంగతి చూడాలంటే తర్వాత ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి పెట్టె తెరిపించాలి.

అందుకని మీరు రెండుసార్లు వెళ్లండి. శనివారం ఒకసారి, జనం లేని రోజు మధ్యాహ్నం ఇంకోసారి. ఇలాంటి చిన్న గ్యాలరీల్లో మామూలుగా టికెట్టు ఉండదు. చాలావాటికి వారానికి ఒకరోజు సెలవు ఉంటుంది కాబట్టి ఫోన్ చేసి వెళ్లండి. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో లైను మారి, గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లో దిగితే పద్మారావునగర్ పక్కనే. బస్సులో వెళ్తానంటే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి ఎలాగూ టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు మర్చిపోకండి.

శనివారం కార్డులో వేసిన టైముకంటే ఇరవై నిమిషాలు ముందే చేరండి. అప్పుడు కుర్చీలు వేస్తుంటారు, ఎవరో మైకు తట్టి చూస్తుంటారు, మిమ్మల్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. నేరుగా మీ బొమ్మ దగ్గరికి వెళ్లి ఒంటరిగా చూడండి. ఫోన్‌లో అరచేతిలో చూసుకున్న మనిషి గోడ మీద అంత పెద్దగా కనిపిస్తే గుండె ఒకసారి దడదడలాడుతుంది. సిగ్గు వేయొచ్చు, ఏడుపూ రావొచ్చు. అది అయిపోయాక జనం వస్తే పరవాలేదు. జనంలోనే మొదటిసారి చూసుకుంటే మీ మొహంలోకి చూసేవాళ్లు ఎక్కువైపోతారు.

బొమ్మలు చూడటం మనకు రాదని అనుకోకండి. సాలార్‌జంగ్ మ్యూజియంకు పిల్లల్ని తీసుకుని వెళ్లే ఉంటారు. ముసుగు వేసుకున్న పాలరాతి అమ్మాయి ఉంటుంది, రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెప్పించింది. అందరూ "అబ్బ, రాతిలో మొహం ఎలా కనిపిస్తోంది" అంటారు. మీరైతే ఆ ముసుగు గుడ్డ ఎంత పల్చన, ఏ మడత ఎక్కడ మొదలై ఎక్కడికి జారింది అని చూసి ఉంటారు. పందెం కాస్తాను. నాకు ఆ చూపు లేదు. గుడ్డ వాలు చూసి సీదా ఉల్టా చెప్పగలిగినవాళ్లు బొమ్మ ముందు బెదరాల్సిన పని లేదు.

పైగా కాన్వాస్ అంటే గుడ్డే. నూలుదో నారదో మందపాటి గుడ్డను చెక్క చట్రానికి బిగించి, వెనక పిన్నులు కొట్టి, పైన తెల్లటి పూత పూస్తారు. మన సిద్దిపేట జిల్లా చేర్యాలలో గుడ్డ మీద కథలు బొమ్మలుగా వేసే నకాషీవాళ్లు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూసేదీ ఇలాంటి పూతే. ఫ్రేము లేని బొమ్మ ఉంటే పక్కకు వెళ్లి మూల దగ్గర గుడ్డ మడత ఎలా పెట్టారో చూడండి. దిండు గలీబు మూల మడిచినట్టే ఉంటుంది. కొందరు శుభ్రంగా పెడతారు, కొందరు ముద్దగా తొక్కేస్తారు. ఆ మూలను చూసి మనిషి పనితనం మీరు చెప్పేయగలరు. ముందు దగ్గరగా నిలబడి కుంచె ఎటు నడిచిందో చూడండి, తర్వాత ఆరేడు అడుగులు వెనక్కి వచ్చి చూడండి. దగ్గర్నుంచి మరకల్లా ఉన్నవి అక్కణ్ణుంచి ముంజేయి అవుతాయి.

చేతులు పెద్దగా ఉన్నాయన్నారు. ఆ అమ్మాయి కూర్చున్నది చిన్న స్టూలు మీద. మీరు మిషన్ మీద వంగితే ఆమె కళ్లకు దగ్గరగా ఉండేవి మీ చేతులే, మొహం వెనక్కి పోతుంది. దగ్గరున్నది పెద్దగానే కనిపిస్తుంది. అదొక్కటే కారణం కాకపోవచ్చు. నాలుగు మధ్యాహ్నాలు చూసి ఆమె ఇంటికి తీసుకెళ్లింది మీ చేతుల్నే అయి ఉంటుంది. చీర రంగు సంగతి మీకు నేను చెప్పడం హాస్యంగా ఉంది గానీ, ఆకుపచ్చ గోడ ముందు ఆకుపచ్చ చీర పెడితే ఏమవుతుంది? గోడలో కలిసిపోతుంది. ఆకుపచ్చ చీర తెచ్చిన గిరాకీ "జాకెట్టు ఏ రంగు బాగుంటుంది ఆంటీ" అని అడిగితే మీరు ఏం చెప్తారో ఆమె కూడా అదే చేసింది.

కుట్టుపని చేసేవాళ్ల బొమ్మ గ్యాలరీలో ఏమిటని మీ ఆయన అంటే ఇంకో సంగతి చెప్పండి. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గారు ఎక్కువగా వేసింది ఊళ్లో ఆడవాళ్లనే. పెద్ద బొట్టు, ఎర్రటి, పచ్చటి చీరలు. సిద్దిపేట కాపు రాజయ్య గారు బతుకమ్మలను, బోనాలను, పనిపాటలు చేసుకునేవాళ్లను వేశారు. ఆ బొమ్మలను ఇప్పుడు పెద్దపెద్ద ఇళ్ల గోడల మీద చూస్తాం. అసలు బొమ్మ చుట్టూ పదిమంది చేరడం కూడా మనకు కొత్త కాదు. బొమ్మల పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులివాళ్లు పద్మశాలీల వాడకు వచ్చి, 30 అడుగులు దాటిన పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రంతా మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. అక్కడ పిల్లలు నిద్రపోయేవాళ్లు, పెద్దవాళ్లు అడ్డుపడి ప్రశ్నలు వేసేవాళ్లు. చాయ్ సమోసా లేదు గానీ అదీ ఓపెనింగ్ లాంటిదే. ఇంకా చెప్పాలంటే జనం వీపు పెట్టకుండా బొమ్మనే చూసేవాళ్లు.

మాటలు. నా మొదటి ఓపెనింగ్‌లో ఏం చేశానో చెప్తే మీకు ధైర్యం వస్తుంది. ముప్పై ఏళ్ల కిందటి మాట. ఒక బొమ్మ ముందు నిలబడి, ఏదో ఒకటి అనాలి కదా అని "అచ్చం ఫోటోలా ఉందండీ" అన్నాను. పక్కన ఉన్నాయనే ఆ బొమ్మ వేసిందట. ఆయన నవ్వి, "అయితే ఫోటో తీస్తే సరిపోయేదండీ" అన్నాడు. అక్కడితో ఆగానా? పక్క బొమ్మలో నీలం రంగు తడిగా మెరుస్తుంటే వేలు పెట్టి చూశాను. అది నిజంగానే తడి. ఆయిల్ రంగులు పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుందని నాకు అప్పుడు తెలియదు. ఎవరూ చూడకుండా కుచ్చిళ్లలో తుడుచుకున్నాను. ఆ నీలం మరక ఆ చీరకు చివరిదాకా ఉంది. కాబట్టి ముట్టుకోకండి, ఫోటోలా ఉంది అనకండి. ఇంతకంటే నియమాలు లేవు.

ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది ఇంటికి వెళ్లాక తెలుగో దక్కనీయో మాట్లాడేవాళ్లే. ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి "ఆర్ యూ యాన్ ఆర్టిస్ట్?" అంటారు. మీరు తెలుగులోనే, "కాదండీ, టైలర్‌ని. ఆ బొమ్మలో ఉన్నది నేనే" అనండి. ఆ తర్వాత మీరు మాట్లాడాల్సిన అవసరం ఉండదు, వాళ్లే మాట్లాడతారు. బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటో తీస్తామంటారు. ఇష్టమైతే నిలబడండి, లేకపోతే "వద్దండీ" అంటే చాలు. మిషన్ ముందు కూర్చున్నట్టు యాక్ట్ చేయమని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి.

ఆ అమ్మాయిని అడగాలనిపిస్తే, "దీని అర్థం ఏంటి" అని కాకుండా "మొదట ఏది వేశావు, చేతులా, మిషనా?" అని అడగండి. పనిచేసేవాళ్లకు పని గురించి అడిగితే నోరు తెరుచుకుంటుంది, మీకే తెలుసు. ఎన్ని రోజులు పట్టింది అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు చిత్రకారులు విసుక్కుంటారని అంటారు. మీరు అడిగితే విసుక్కోదు, ఎందుకంటే ఆ ప్రశ్న ప్రతి శ్రావణమాసంలో మిమ్మల్నీ అందరూ అడిగేదే.

ఒక చిన్న హెచ్చరిక. బొమ్మ పక్కన చిన్న ఎర్ర చుక్క అంటించి ఉంటే అది అమ్ముడుపోయిందని గుర్తు. మీ బొమ్మ పక్కన ఆ చుక్క చూస్తే మీకు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. సంతోషం వేయొచ్చు, ఎవరో తెలియనివాళ్ల హాల్లో నేను కుడుతూ కూర్చోవాలా అని ఒళ్లు జలదరించొచ్చు. రెండూ ఒకేసారి వచ్చినా ఆశ్చర్యం లేదు. ఎవరు కొన్నారో అడిగి తెలుసుకోండి, చెప్పగలిగితే చెప్తారు. కొనమని మిమ్మల్ని ఎవరూ అడగరు, ఆ భయం వద్దు.

చేతిలో ఏమైనా పట్టుకెళ్లాలనిపిస్తే అర కిలో స్వీట్ డబ్బా చాలు. పెద్ద బొకేలు వద్దు, ఆ చిన్న ఇంట్లో పెట్టడానికి చోటు ఉండదు. మీ ఆయన్ని బతిమాలకండి, ఒకసారి పిలవండి. వస్తే వాకిట్లో ఫోన్ చూసుకుంటూ నిలబడతారు. నిలబడనివ్వండి. చాయ్ కోసమైనా లోపలికి వస్తారు, వచ్చినాయన కళ్లు గోడ మీదకి పోకుండా ఉండవు. ఆడపడుచునైతే తప్పకుండా తీసుకెళ్లండి, ఊరికే మాట్లాడుతూ ఉండే మనిషి పక్కన ఒకరుండాలి.

బయటికి వచ్చే ముందు బల్ల మీద పెద్ద పుస్తకం ఉంటుంది, వచ్చినవాళ్లు తమ అభిప్రాయం రాసేది. తెలుగులో రాయండి. రెండు మాటలు చాలు, సంతకం చేసి కింద "టైలర్, రామంతాపూర్" అని పెట్టండి. పేరు బయటపెట్టాలా వద్దా అన్నది అక్కడ కూడా మీ ఇష్టమే.

ఇక ఆ జాకెట్టు చేయి. మీరు అన్నిటికంటే ఎక్కువ బాధపడింది దీని గురించేనని నాకు అనుమానం. ఇది నాకు నచ్చింది కూడా. పొరపాటు పట్టుకోవాల్సిందే. లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మల్లో చీరల అంచులు, పూల డిజైన్లు చూడటానికే ఇవాళ్టికీ వెళ్లేవాళ్లున్నారు. ఆనాటివాళ్లు ఏం కట్టుకున్నారో మనకు తెలిసేది ఆ బొమ్మల వల్లే. రేపు మీ బొమ్మ చూసి, రామంతాపూర్‌లో ఆ రోజుల్లో చేతులు ఇలాగే ఎక్కించేవాళ్లు కాబోలు అని ఎవరైనా అనుకుంటే ఆ తప్పు మీ ఖాతాలో పడుతుంది. అయితే ఓపెనింగ్ రోజు చెప్పకండి, జనం ముందు అసలు వద్దు. నెల తర్వాత ఆ అమ్మాయి చీరకు ఫాల్ వేయించుకోవడానికి వస్తుంది కదా. అప్పుడు టేపు మెడలో ఉండగానే ఒక పాత జాకెట్టు ఉల్టా తిప్పి, చంక భాగం ఎక్కడ మొదలవుతుంది, కుచ్చు ఎందుకు రాకూడదు, చేయి ఎలా కూర్చోవాలి అన్నది బల్ల మీద పరిచి చూపించండి. స్కెచ్ పుస్తకం తెచ్చుకోమని ముందే చెప్పండి.